మా అత్తయ్య పేరుకు ఎదురుగా

మా ఇంటి వంశవృక్షం మా తాతగారు స్వహస్తంతో రాసి పెట్టినది. మా పూర్వులు నెల్లూరు సీమ నుంచి మదరాసు వచ్చి ఆరు తరాలయింది. ఆ ఆరు తరాల వాళ్ళూ ఒక పొడుగాటి బాదామిరంగు కాగితం మీద కొమ్మలూ రెమ్మలూగా వున్నారు. మగవాళ్ళ పేర్లకు ఎదురుగా వాళ్ళ వాళ్ళ ఉద్యోగాలున్నాయి: హార్బరు గుమాస్తా, ప్లీడరు, తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తా. ఆడవాళ్ళ పేర్లకు ఎదురుగా వాళ్ళను ఇచ్చిన వూళ్ళున్నాయి. మా మేనత్త పేరుకు ఎదురుగా మాత్రం "బాలవితంతువు. సంతతి లేదు" అని వుంది.

క్రిందటి సంవత్సరం ఆ కాగితం చిరిగిపోయేటట్టున్నదని సాపు రాద్దామని కూర్చున్నాను. సెలవులకు వచ్చిన మా మనవరాలు నా భుజం మీదుగా చూస్తూ, "తాతయ్యా, ఈవిడ ఏం చేసేది?" అని అడిగింది. ఆ పిల్ల చరిత్రలో ఎమ్మే చదువుతున్నది.

"ఏం చేస్తుంది? ఇంట్లో వుండేది. ఆదివారం ఆదివారం అడయారు దివ్యజ్ఞాన సమాజానికి పోయేది. కొంచెం పిచ్చి."

"పిచ్చి అంటే?"

"గత జన్మలూ, సూక్ష్మశరీరాలూ, మహాత్ములూ. అదంతా చెప్పుకొనేందుకు బాగుండదులే."

మనవరాలు అప్పటికి ఏమీ అనలేదు. తరవాత వచ్చినప్పుడు మాత్రం ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా మంచం మీద పెట్టింది. "ఇది చదివి, అప్పుడు పిచ్చి అను" అని వెళ్ళిపోయింది.

ఆ పుస్తకం పేరు 'డివైన్ ఫెమినిన్'. రాసినావిడ జాయ్ డిక్సన్, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన ఆచార్యురాలు. 2001లో అమెరికాలో అచ్చయింది. ఇంగ్లండులో దివ్యజ్ఞాన సమాజానికీ, స్త్రీల హక్కుల ఉద్యమానికీ వుండిన సంబంధం అందులోని విషయం. స్త్రీపురుష భేదాన్ని గురించీ, కామాన్ని గురించీ, గూఢవిద్యలను గురించీ ఆనాటి వాళ్ళు ఏమనుకొన్నారో ఆమె పాత పత్రికలూ కరపత్రాలూ తిరగేసి పరిశీలించింది.

నిజం చెప్పాలంటే నాకు మొదట కొంచెం చిరాకు వేసింది. మా రోజుల్లో చరిత్ర అంటే రాజులూ, యుద్ధాలూ, వైస్రాయిలూ. కామమూ గూఢవిద్యా చరిత్రలో చేరే సంగతులా? అందులోనూ నేను ఫిజిక్సు చదివినవాణ్ణి. దయ్యం వుందా అంటే లేదు. లేనిదాన్ని గురించి మూడువందల పేజీలు దేనికి? పది పేజీలు చదివి పక్కన పెడదామనుకొన్నాను. పెట్టలేకపోయాను. ఎందుకంటే ఆవిడ దయ్యం వుందా లేదా అని ఎక్కడా వాదించదు. నమ్మినవాళ్ళను చూసి నవ్వదు, వాళ్ళతో కలిసి నమ్మదు. ఈ నమ్మకం పెట్టుకొని వీళ్ళు ఏం చేశారు, అది వాళ్ళ చేత ఏం చేయించింది అని మాత్రం అడుగుతుంది. డెబ్భై ఏళ్ళు దాటిన నాకు మా ఇంటి మనిషిని గురించి ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తోచలేదు.

దివ్యజ్ఞాన సమాజం సంగతి మన మదరాసు వాళ్ళకు కొత్తది కాదు. 1875లో న్యూయార్కులో పుట్టింది. బ్లావట్‌స్కీ అనే రష్యను ఆవిడా, కర్నల్ ఆల్కాటూ 1879లో బొంబాయి వచ్చి, 1882లో అడయారు తోట కొని ఇక్కడ స్థిరపడ్డారు. అక్కడి పెద్ద మర్రిచెట్టు చూడని తెలుగు కుటుంబం మదరాసులో వుండదు. మూలకాండం 1989 గాలివానలో పడిపోయింది గాని, వూడలు ఇప్పటికీ నిలిచే వున్నాయి. బ్లావట్‌స్కీ చూపిన మహిమలన్నీ మోసమని 1885లో లండను పరిశోధక సంఘం వారు ఒక నివేదిక వేశారు. మా ఇంట్లో అందరికీ బాగా తెలిసిన సంగతి అదొక్కటే.

కాని డిక్సన్ కథ ఆ తరవాత మొదలవుతుంది. ఆమె చెప్పే ప్రకారం, మొదట్లో ఇంగ్లండులో ఆ సమాజం పెద్దమనుషుల క్లబ్బులాగా వుండేది. చదువుకొన్న మగవాళ్ళు చేరి, ఇది శాస్త్రం, ఇది తర్కం అని మాట్లాడుకొనేవారు. 1907లో అనీబిసెంటు అధ్యక్షురాలయిన తరవాత స్త్రీలు పెద్దసంఖ్యలో వచ్చారు; భక్తీ సేవా పెరిగాయి; మన సమాజం ఆడవాళ్ళ పాలయిందని కొందరు మగవాళ్ళు సణుక్కొన్నారు. ఆధ్యాత్మికం అంటే ఏమిటి, అది మగవాడి బుద్ధికి సంబంధించినదా, ఆడదాని హృదయానికి సంబంధించినదా అనే తగువు ఆ సమాజంలో చాలాకాలం నడిచింది.

ఈ తగువుకూ వోటు హక్కుకూ ఏమిటి సంబంధమంటారా? ఆత్మ ఒక జన్మలో స్త్రీగానూ, మరొక జన్మలో పురుషుడుగానూ పుడుతుందని ఆ సమాజం వాళ్ళు నమ్మారు. మనకిది చిన్నప్పటినుంచీ విన్న మాట, అందుకని మనకు తగలదు. ఇంగ్లండులో పుట్టి, స్త్రీ పురుషుడి ప్రక్కటెముక నుంచి వచ్చిందని చర్చిలో విని పెరిగిన ఆడదానికి అది పిడుగులాంటి మాట. ఆత్మకు లింగం లేకపోతే, ఈ ఒక్క జన్మలో వేసుకొన్న శరీరాన్ని బట్టి వోటు లేదనడం ఏం న్యాయం? షార్లెట్ డెస్పార్డ్ అనే ఆవిడ అలాగే అడిగింది. ఆమె దివ్యజ్ఞాని. 1907లో స్త్రీ స్వాతంత్ర్య సమితి స్థాపించినవారిలో ముఖ్యురాలు. వోటు కోసం అరవై ఏళ్ళు దాటిన వయస్సులో జైలుకు పోయింది. ఆమెకు ధ్యానమూ జైలూ రెండు వేరు వేరు పనులు కావు. స్త్రీల ఉద్యమమంటే మతాన్ని వదిలిన వాళ్ళ పని అని మనం అనుకొంటాము. అది సగం కథే అని డిక్సన్ చూపించింది.

కామం సంగతి కూడా ఈ దారినే వచ్చింది. డిక్సన్ 1997లోనే దీన్ని గురించి ఒక పెద్ద వ్యాసం రాసింది. ఆ రోజుల్లో వైద్యులు కొందరు మనుషుల కామస్వభావాలకు పేర్లు పెట్టి, రోగాల పట్టికలో చేరుస్తున్నారు. అదే రోజుల్లో కొందరు దివ్యజ్ఞానులు, స్త్రీ దేహంలో పురుష స్వభావమో, పురుష దేహంలో స్త్రీ స్వభావమో కనబడితే అది రోగం కాదు, ఆత్మ పాత జన్మ వాసన వదలక ముందే కొత్త దేహంలోకి వచ్చిందని చెప్పుకొన్నారు. 1916 నుంచి 1940 దాకా 'యురేనియా' అనే చిన్న పత్రిక స్నేహితుల మధ్య ఉచితంగా తిరిగింది. ఆడా మగా అనే భేదం మనిషికి ముఖ్యమైనదే కాదని దాని వాదం. ఈవా గోర్‌బూత్ అనే ఐరిష్ కవయిత్రి దాన్ని నడిపిన వాళ్ళలో ఒకతె. డాక్టరు రోగమన్నదానికి పూర్వజన్మ అని పేరు పెట్టుకొని, తలెత్తుకొని తిరిగినవాళ్ళు కొందరుండేవారన్న మాట. ఆ పేరు నిజమా అబద్ధమా అన్నది వేరే సంగతి. తలెత్తుకొన్నది మాత్రం నిజం.

అయితే డిక్సన్ వీళ్ళకు హారతి పట్టలేదు. అందుకే నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. నమ్మకం రెండు వైపులా పదునుగల కత్తి. అనీబిసెంటునే చూడండి. సంతాన నిరోధాన్ని గురించిన పుస్తకం అచ్చువేసినందుకు 1877లో ఆమె లండనులో కోర్టుకెక్కింది. మరుసటి సంవత్సరం, ఇటువంటి తల్లి దగ్గర ఆడపిల్ల వుండరాదని కోర్టువారు ఆమె కూతుర్ని తీసి తండ్రికి ఇచ్చారు. అంత నష్టపడి నిలబెట్టుకొన్న అభిప్రాయాన్ని, 1889లో దివ్యజ్ఞాని అయిన తరవాత ఆమే వదులుకొంది. స్వయంగా రాసిన సంతాన నిరోధ గ్రంథాన్ని 1891లో అమ్మకం నుంచి తీసివేసింది. ఆత్మోన్నతికి ఇంద్రియ నిగ్రహమే మార్గమంది. బీదయింటి ఇల్లాళ్ళకు దొరికిన ఒక సహాయం ఆ మేరకు పోయింది. మరొక సంగతి: ఆ ఇంగ్లీషు స్త్రీలు తూర్పుదేశపు జ్ఞానమని మన వేదాంతాన్ని తలకెత్తుకొంటూనే, మన స్త్రీల తరఫున తామే మాట్లాడడానికి సిద్ధపడ్డారు. గౌరవంలో కూడా దొరతనం వుంటుంది.

మా తాతగారికి ఆ సమాజమంటే పడకపోవడానికి మరో కారణం వుంది. అది తెలుగువాడి కారణం. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తల్లి లేని పిల్లవాడు. తండ్రి నారాయణయ్యగారు సమాజంలో పని చేసేందుకు 1909లో పిల్లలతో అడయారు వచ్చారు. ఆ సంవత్సరమే లెడ్‌బీటర్ ఆ పిల్లవాణ్ణి సముద్రపు వొడ్డున చూసి, జగద్గురువు రాబోయే దేహం ఇదేనన్నాడు. ఈ లెడ్‌బీటరు బాలురకు కామ విషయంలో చెప్పిన సలహాల మీద 1906లోనే పెద్ద అల్లరి జరిగి, సమాజానికి రాజీనామా ఇచ్చి, మళ్ళీ చేర్చుకోబడినవాడు. నారాయణయ్యగారు 1910లో పిల్లల సంరక్షణను అనీబిసెంటుకు రాసి ఇచ్చారు. తరవాత భయపడి, నా పిల్లలను నాకిమ్మని 1912లో దావా వేశారు. మదరాసు హైకోర్టు 1913లో తండ్రి పక్షం చెప్పింది. 1914లో ప్రివీ కౌన్సిలు దాన్ని కొట్టివేసింది. కోర్టులో కన్నకూతుర్ని పోగొట్టుకొన్న తల్లి, ముప్ఫయ్యయిదేళ్ళకు మరొక కోర్టులో ఒక తండ్రికి ఎదురుగా నిలబడింది. ఈ కేసు మదరాసు తెలుగు ఇళ్ళలో ఏళ్ళ తరబడి నలిగింది. "వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు" అని మా తాతగారు చివరిదాకా అనేవారట. ఆయనది వుట్టి మూర్ఖత్వమని నేననను.

ఆయన కూతురే మా అత్తయ్య. 1912లో పుట్టింది. ఎనిమిదో ఏట పెళ్ళి, పన్నెండో ఏట వైధవ్యం. కాపురానికి పోకుండానే అంతా అయిపోయింది. తరవాత జరగవలసినవన్నీ సైదాపేట ఇంట్లో జరిగాయి: తల గొరిగించారు, తెల్ల పంచె కట్టించారు, శుభకార్యాలకు ఎదురు రావద్దన్నారు. మా నాన్న ఆవిడకు మూడేళ్ళు చిన్న. ఆయన బళ్ళో నేర్చుకొన్న ఇంగ్లీషు పాఠాలు సాయంకాలం వంటింట్లో అక్కకు వొప్పజెప్పేవాడు. అలా నేర్చుకొన్నది. 1933 సెప్టెంబరులో అనీబిసెంటు అడయారులో చనిపోయినప్పుడు, పొరుగింటి ఆవిడతో గుడికని చెప్పి జట్కా ఎక్కి వెళ్ళి చూసి వచ్చింది. అది మొదలు. తాతగారు పోయిన తరవాత ఆదివారాలు బాహాటంగానే వెళ్ళేది. జుట్టు పెంచుకొంది. ఎవరేమన్నా, "పెరిగేదాన్ని నేనేం చేయను" అనేది.

1971లో నేను కాలేజీలో వున్నాను. హేతువాదం కొత్తగా తలకెక్కిన రోజులు. ఒకనాడు నలుగురు స్నేహితుల్ని ఇంటికి తీసుకొచ్చాను. అత్తయ్య కాఫీలు ఇచ్చి, మాటల మధ్య, "వైధవ్యం ఈ దేహానికి వచ్చిందిరా, నాకు రాలేదు" అన్నది. ఆ మాట మీద నేను, "నీ సూక్ష్మశరీరం కొలత ఎంత అత్తయ్యా? దానికి ఎన్ని గజాల పంచె పడుతుంది?" అన్నాను. స్నేహితులు పగలబడి నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. కాఫీ గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్ళింది. తరవాత ఎనిమిదేళ్ళు బ్రతికింది. నాకు వండి పెట్టింది, జ్వరం వస్తే రాత్రులు మేలుకొంది, నా పెళ్ళికి వెనక వరుసలో కూర్చొని చూసింది. ఆ విషయం మాత్రం మళ్ళీ నా దగ్గర ఎత్తలేదు.

పుస్తకం ముగించిన రాత్రి నాకు ఆ గ్లాసుల చప్పుడు వినిపించింది. మర్నాడు మనవరాల్ని పిలిచి అటక మీద నుంచి ఆవిడ రేకుపెట్టె దింపించాను. నలభై ఏళ్ళకు పైగా ఎవరూ తెరవలేదు. అందులో రెండు పంచెలు, వూలు పోసిన కళ్ళజోడు గూడు, అడయారు ఉపన్యాసాల చిన్న పుస్తకాలు, ఆవిడ రాసుకొన్న అయిదు నోటుబుక్కులు వున్నాయి.

ఒక నోటుబుక్కులో గత జన్మల పట్టిక వుంది. ధ్యానంలో కనిపించినవట. గోదావరి మీద పడవ నడిపినవాడు, ఏదో గుడిలో పూలు కట్టిన ఆవిడ, ఒక న్యాయాధికారి. చిన్నప్పుడయితే చదివి పకపక నవ్వేవాణ్ణి. న్యాయాధికారి జన్మ కింద ఇలా రాసుకొంది: "ఆ జన్మలో వితంతువుల వ్యాజ్యాలు వచ్చి వుంటాయి. ఏం తీర్పులు చెప్పానో జ్ఞాపకం రావడం లేదు. మంచివి చెప్పి వుండను." నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు వుండిపోయాను. కత్తికి రెండో పదును అక్కడ వుంది. తన కష్టానికి తానే ఎప్పుడో నేరం చేసి వుంటానని నమ్మడం ఎంత బరువు! ఆ నమ్మకమే ఆవిడకు తలెత్తుకొనే ధైర్యం ఇచ్చింది, ఆ నమ్మకమే నేరమూ మోపింది. రెండూ ఆవిడ మోసింది.

మరో నోటుబుక్కు వుత్త పేర్ల పట్టిక. ఆడపిల్లల పేర్లు, వాటి పక్కన తేదీలు, "అక్షరాలు వచ్చినవి", "కూడికలు", "ఉత్తరం రాయగలదు" అని. 1938 నుంచి 1960 దాకా వున్నాయి. నాకప్పుడు జ్ఞాపకం వచ్చింది. మధ్యాహ్నం పూట మా వసారాలో చాకలి వాళ్ళ పిల్లలూ, పొరుగింటి కోడళ్ళూ పలకలు పట్టుకొని కూర్చొనేవారు. అది ఇంట్లో ఒక అలవాటు, నీళ్ళు పట్టడంలాంటిది. ఎవరూ దాన్ని ఒక పని అనుకోలేదు. అత్తయ్య ఏం చేసేదని మనవరాలు అడిగినప్పుడు నా నోటికి అది రానే లేదు.

1917లో అడయారులోనే మార్గరెట్ కజిన్సూ, డొరతీ జినరాజదాసూ, అనీబిసెంటూ కలిసి భారత మహిళా సంఘం స్థాపించారు. ఆ సంవత్సరం డిసెంబరులో సరోజినీదేవిగారి నాయకత్వాన స్త్రీలు మదరాసులో మాంటేగు దొరను చూసి వోటు హక్కు అడిగారు. 1921లో మదరాసు శాసనసభ స్త్రీలకు వోటు ఇచ్చింది. ఆ సంఘం శాఖలు పెట్టి ఆడవాళ్ళకు చదువు చెప్పించేది. మా అత్తయ్యకు దానితో సంబంధం వుందా అని మనవరాలు పెట్టె అంతా వెతికింది. కాగితం ముక్క ఏదీ దొరకలేదు. లేకపోయినా, ఆదివారం విన్నది సోమవారం వసారాలో చేసిందని మాత్రం నోటుబుక్కు చెబుతున్నది.

వంశవృక్షం మళ్ళీ ముందు వేసుకొని కూర్చున్నాను. "బాలవితంతువు" అన్న మాట కొట్టివేద్దామనుకొన్నాను. ఆవిడే అన్నది కదా, అది తనకు రాలేదని. మనవరాలు నా చెయ్యి పట్టుకొంది. "కొట్టేయవద్దు తాతయ్యా. కొట్టేస్తే ఆవిడకు ఏం జరిగిందో రేపటివాళ్ళకు తెలియకుండా పోతుంది. పక్కన రాయి" అన్నది. చరిత్ర చదివిన పిల్ల, నేను వొప్పుకొన్నాను.

పక్కనే రాశాను: "ఇంగ్లీషు, తెలుగు చదువుకొన్నది. ఆదివారాలు అడయారు వెళ్ళేది. ఇరవై రెండేళ్ళు వసారాలో ఆడపిల్లలకు చదువు చెప్పింది. నోటుబుక్కు ప్రకారం నూటపద్ధెనిమిది మంది." ఆడవాళ్ళ పేర్లకు తాతగారు వదిలిన చోటు కొద్దిది. అది చాలక రాత పక్క కొమ్మ మీదికి పోయింది. ఆ కొమ్మ నాది. నా ఉద్యోగం రాసుకోవడానికి ఇప్పుడక్కడ చోటు లేదు. ఫరవాలేదనుకొన్నాను.

మీ ఇళ్ళలో కూడా ఇటువంటి కాగితాలు వుంటాయి. మీరు సాపు రాసేటప్పుడు, "కొంచెం పిచ్చి" అని మీ ఇంట్లో అందరూ చెప్పుకొన్న మనిషి ఎవరైనా వుంటే, ఒక్కసారి అటక మీద పెట్టె దింపించండి. నాలాగా నలభై ఏళ్ళు ఆలస్యం చేయకండి.